దివిసీమ ఉప్పెన: లెక్కకెక్కని పద్దు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదైన నొక చరిత్ర విషయము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు అడిగినపుడు, నేను చరిత్రకారుడను గానని మొదట తప్పించుకొన జూచితిని. నేను సహకార సంఘమున జమాఖర్చులు వ్రాసికొను గుమాస్తాను. బడిచదువు పదవ తరగతితో ఆగినది. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే, నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, తప్పులతో తడబాటులతో చదివికొన్నవాడను. అయినను కార్యదర్శిగారు విడువలేదు. "మీకు తెలిసిన లెక్కలే వ్రాయండి. మనకు అదే చరిత్ర" అనిరి. ఆ మాటను బట్టి ఆలోచింపగా, ఏండ్ల తరబడి ఎన్నిసార్లు కూడినను సరిపడని లెక్క యొకటి నా మనసున మెదలినది. అది 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారమునాటిది. ఏబదియేండ్లు దాటిన మన గ్రామస్థులకు ఆ దినమేదో చెప్పనక్కఱలేదు. పిన్నలకొఱకు వ్రాయుచున్నాను.

ముందుగా మన నేలను గూర్చి రెండు మాటలు. కృష్ణవేణి పులిగడ్డయొద్ద రెండు పాయలై చీలి, వేర్వేరుగా సముద్రమున గలియును. ఆ పాయల నడుమ నున్న గడ్డయే దివిసీమ. రెండు ప్రక్కల నది, దిగువను సముద్రము. నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో ఏర్పడిన నేల గావున, ఇది సారవంతమును, పల్లమును గూడ. మనకు అన్నము పెట్టు గుణమును, మనలను ముంపునకు గురిచేయు గుణమును ఈ మట్టియందే యున్నవి.

ఉప్పెన మన తీరమునకు క్రొత్త గాదు. 1789వ సంవత్సరము డిసెంబరు నెలలో, గోదావరి ముఖమున నున్న కోరంగి రేవును ఒకదాని వెంట నొకటిగా మూడు తరంగములు ముంచెను. మఱల 1839 నవంబరులో అదే రేవు ఉప్పెన పాలయ్యెను. అటు పిమ్మట దానికి వెనుకటి వైభవము రాలేదు. కలకత్తాయందుండి ఇట్టి గాలివానలను ఏండ్ల తరబడి పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ అను పూర్వనావికుడు, గాలి సుడిచుట్టుకొని తిరుగుట గమనించి, చుట్టచుట్టుకొన్న పామును దలపించు గ్రీకు పదమునుండి 'సైక్లోను' అను పేరును 1848లో వాడుకకు దెచ్చెను. నేడు లోకమంతయు వాడుచున్న ఆ పేరు పుట్టినది బంగాళాఖాతపు తీరముననే.

మన కృష్ణాతీరమున పెద్దలు కథలుగా జెప్పుకొన్నది 1864వ సంవత్సరపు బందరు ఉప్పెన. ఆ యేడు నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము మచిలీపట్టణముపై బడి, పట్టణమును దాటి పల్లెలలోనికి బోయెను. ఆ రాత్రి ముప్పదివేలమంది గతించిరని గ్రంథములందు గలదు. ఆ యుప్పెన ముచ్చట మా యింట ఆడవారి నోట నాలుగు తరములు బ్రతికినది. మా ముత్తవ తల్లి ఆ నాటికి బందరులో పసిపిల్ల. ఆమెను ఎత్తుకొని మేడమీదికి చేర్చినది ఆమె మేనత్త యట. ఆ మేనత్త చెప్పిన మాటలు రెండు మా యింట మిగిలినవి. మొదటిది: గాలివానలో గుమ్మములోనికి నీరు వచ్చినచో నోట వేసికొని చూడవలెను. చప్పగా నున్న అది వాననీరు. ఉప్పగా నున్న అది సముద్రము, ఇక తలుపు దగ్గఱ నిలువరాదు. రెండవది: ఉప్పెన నీరు వచ్చునపుడు కంటె పోవునపుడు ఎక్కువమందిని దీసికొనిపోవును. ఈ రెండు మాటలే నేడు నేను ఈ వ్యాసము వ్రాయుటకు కారణములు.

ఇక 1977వ సంవత్సరపు సంగతి. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము మొదట పడమరగా సాగి, పిమ్మట ఉత్తరమునకు మళ్ళి, చీరాల ప్రాంతమున తీరము దాటెను. చీరాల యెక్కడ, దివిసీమ యెక్కడ! గాలి కేంద్రము అక్కడ దాటగా నీరు ఇక్కడ పడుట యేమి యని చాలమంది నేటికిని అడుగుదురు. మన భూభాగమున తుఫాను గాలి గడియారపు ముల్లునకు ఎదురు దిక్కుగా తిరుగును. ఉత్తరమునకు సాగుచున్న తుఫానునకు కుడివైపున, అనగా తూర్పువైపున నున్న తీరమున, గాలి సముద్రమునుండి నేలపైకి వీచును. దివిసీమ సరిగా ఆ కుడివైపున జిక్కినది. మన తీరమున సముద్రము చాలదూరము లోతులేనిది. గాలి నెట్టిన నీటికి క్రిందికి దిగు చోటు లేక, గోడవలె పైకి లేచి నేలమీదికి వచ్చెను. ఆ గోడ ఎత్తు దాదాపు 5 మీటర్లు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరపు పల్లెలు తుడిచిపెట్టుకొని పోయెను. కృష్ణ సముద్రమున గలియు హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయమున తలదాచుకొని బ్రతికినవారు కలరు.

తుఫాను వచ్చుచున్నదని రేడియోలో చెప్పిరి. కాని కార్తీకమాసపు గాలివాన మనవారికి క్రొత్తదా? కోతకు వచ్చిన వరిచేలు పడిపోవునే యని రైతులు బెంగపడిరి గాని, సముద్రమే నడచి వచ్చునని తలచినవారు లేరు.

ఆనాటికి నాకు ఏడేండ్లు. మా నాన్నగారు ఈ గ్రామమునకు కరణము. ఆ యుదయముననే లెక్కల కట్ట చంకబెట్టుకొని తాలూకా కచేరికి బోయిరి. మా అమ్మ పురిటికై తెనాలిలో పుట్టింట నుండెను. ఇంట మిగిలినవారము నేనును మా మేనత్తయును. ఆమె మా నాన్నగారికి అక్క. పందొమ్మిదవ యేట భర్తను గోల్పోయి తమ్ముని యింటికి వచ్చినది. వంట, వార్పు, పశువుల కుడితి, నా చదువు, అన్నియు ఆమెవే. అయినను పెండ్లిండ్లలో, పేరంటములలో ఆమెను వెనుక గదిలో కూర్చుండబెట్టెడివారు. ఎవరైన ఊరికి బయలుదేరునపుడు ఆమె ఎదురురాక తానే ప్రక్కకు దప్పుకొనెడిది. ఆ కాలపు నడవడి అట్టిది. ఇప్పుడు తలచుకొన్న తల వంగును.

ఆ మధ్యాహ్నమునుండి ఇంటి పెంకులు ఆకులవలె ఎగిరిపోవసాగెను. తులసికోటయొద్ద కార్తీకదీపము నిలువనందున ఆమె దానిని వంటింటిలో మూల బెట్టినది. ప్రొద్దు గ్రుంకు వేళకు గుమ్మము క్రిందుగా నీరు లోనికి వచ్చెను. ఆమె వంగి, వేలు ముంచి నాలుకకు రాచుకొని ఉమిసినది. "ఉప్పురా నాన్నా" అని మాత్రము అన్నది. ఆ మాట అన్న పిమ్మట ఆమె ఒక్క క్షణమైన నిలువలేదు. దేవుని పటములను గాని, పెట్టెను గాని తాకలేదు. నూతిగట్టు చేదత్రాడు, రోకలి, బిందెలోని మంచినీరు ముంచిన కంచు చెంబు, ఈ మూడింటితో నన్ను అటుక యెక్కించినది.

అంతలో వీధిలోనుండి కేక. మన ఊరి పాలెములో కూలి చేసికొను నొక యిల్లాలు నడుములోతు నీటిలో, నాలుగేండ్ల ఆడపిల్లను తలపై బెట్టుకొని వచ్చుచున్నది. "అమ్మగారూ, పిల్లనుంచండి, మామ మంచములో ఉన్నాడు, తీసుకొస్తాను" అని పిల్లను మా అత్తయ్య చేతికిచ్చి వెనుదిరిగినది. "వెళ్ళకే, నీళ్ళు పెరుగుతున్నాయి" అని మా అత్తయ్య అఱచుచునే యున్నది. ఆ యిల్లాలు మఱల రాలేదు.

నీరు అటుకదాక వచ్చెను. మట్టిగోడలు నానిన రొట్టెవలె విఱిగి పడుచుండెను. ఆమె రోకలితో మిగిలిన పెంకులు దన్ని, మమ్ము ఇరువురను కప్పుపైకి ద్రోసి, నన్ను చేదత్రాటితో వెన్నుదూలమునకు గట్టినది. పిల్లను తన చీర కొంగుతో తన ఱొమ్మునకు గట్టుకొన్నది. కాళ్ళతో దూలమును పెనవైచుకొని రాత్రియంతయు అట్లే యుండెను. చీకటిలో చెవులు పగులు గాలి. ఆమె నా చెవియొద్ద నోరు బెట్టి, ఎక్కములు చెప్పించినది. రెండవ యెక్కమునుండి పందొమ్మిదవ యెక్కము దాక. తప్పినచోట మఱల మొదలు. అది నన్ను నిద్రపోనీయకుండుటకని పెద్దవాడనైన పిమ్మట తెలిసికొంటిని. నిద్రపోయినవారి పట్టు సడలును గదా. లెక్కలతో నాకు ఆ నాడు కుదిరిన స్నేహమే నేటికిని నాకు అన్నము పెట్టుచున్నది.

తెల్లవాఱకముందే నీరు తగ్గసాగెను. ఎదురింటి కప్పుమీది వారు దిగబోయిరి. మా అత్తయ్య వారిని కేకలువేసి ఆపినది. "దిగకండి. పోయే నీళ్ళే మనుషుల్ని తీసుకుపోతాయి. కింద మట్టి కనబడేదాకా కదలకండి." ఆమె మాట విన్నవారు నిలిచిరి. కాలువవైపు దిగినవారిలో మఱలి రానివారు కలరు. వెలుగు వచ్చిన పిమ్మట ఆ చెంబులోని నీటిని కప్పులమీది పిల్లలకు ఉద్ధరిణెతో కొలిచి పోసినది. ఊరంతయు నీరే, త్రాగుటకు చుక్క లేదు. ఎవరి పిల్ల అని ఆమె అడుగలేదు. ఎవరు పోసినారని వారును అడుగలేదు.

నాన్నగారు మూడవ నాటికి నడచి వచ్చిరి. నన్ను ముట్టుకొని చూచి, అరుగు మిగిలినచోట కూర్చుండి, ఒక గడియ యేమియు పలుకలేదు. పిమ్మట చేయవలసిన పని వారి నెత్తిన బడెను. కరణము గావున మృతుల పట్టిక వ్రాయవలెను. పోయిన మనుషులు, పోయిన పశువులు, కూలిన యిండ్లు, పాడైన పంట. నేను ప్రక్కన కూర్చుండి సిరాబుడ్డి పట్టుకొంటిని. ఇంటింటికి దిరిగి వ్రాసిరి. పాలెములో కొన్ని యిండ్లకు జవాబు చెప్పువారే లేరు. అట్టి యింటిలోని వారందఱను పాత జాబితానుబట్టి మృతులుగా వ్రాసి కచేరికి పంపిరి. ఆ పేర్లలో మా యింట అన్నము తినుచున్న ఆ పసిపిల్ల పేరును గలదు.

సంగతి తెలిసిన నాడు మా అత్తయ్య తమ్మునిమీద స్వరము హెచ్చించుట మొదటిసారి వింటిని. "ఒరే తమ్ముడూ, పిల్ల బ్రతికే ఉన్నదిగదరా. కొట్టెయ్యి ఆ పేరు." నాన్నగారు "పంపేశానక్కయ్యా" అనిరి. "పంపినది నువ్వేగా. మళ్ళీ నువ్వే రాయి" అన్నది. ఆ సాయంత్రమే వారు మఱియొక కాగితము వ్రాసి తాలూకాకు బోయిరి.

ఆ పిల్ల మా యింట సంక్రాంతి దాక నుండెను. మా అత్తయ్య కంచము ప్రక్కనే దాని కంచము. ఊరిపెద్దలు కొందఱు ఇది ఆచారము గాదని నాన్నగారి చెవిన వేసిరి. ఆమె తలుపు చాటునుండియే బదులిచ్చినది: "ఆ రోజు పొద్దున ఒక్క చెంబు నీళ్ళు అందరి పిల్లలూ తాగారు. ఇప్పుడు కంచాలు వేరెందుకు?" సంక్రాంతి వెళ్ళిన పిమ్మట పిల్ల మేనమామ దూరపు ఊరినుండి వెదకికొనుచు వచ్చి దీసికొనిపోయెను. మా అత్తయ్య ఆ కంచు చెంబును పిల్ల చేతికిచ్చి పంపినది. ఆ రాత్రి ఆమె భోజనము చేయలేదు.

ఆ యుప్పెనలో గతించినవారు సుమారు పదివేలమందియని సర్కారు లెక్క. అంతకంటె ఎక్కువయని చెప్పువారును కలరు. కోరంగి విషయమున కొన్ని పుస్తకములు మూడు లక్షలమంది పోయిరనును. ఆ కాలపు కోరంగి ప్రాంతమున అంత జనముండెనా యని పరిశోధకులు శంకింతురు. జమాఖర్చులు వ్రాయువాడనుగా నాకు తోచినది చెప్పెదను. లెక్క ఎక్కువగా పడుటయు, తక్కువగా పడుటయు పట్టిక వ్రాసిన చోటనే మొదలగును. మన ఊరికి ఆ యేడు వరికోతలకు పొరుగుసీమలనుండి వచ్చిన కూలీల పేర్లు నాన్నగారి పట్టికలో లేవు. వారు ఈ ఊరివారు గారు గనుక. బ్రతికిన పిల్ల పేరు ఉండెను; చెప్పుటకు ఎవరును లేరు గనుక. కావున పెద్ద సంఖ్యను జూచినపుడు గౌరవముతో తలవంపవలసినదే గాని, దాని క్రింద ఎవరు తప్పిపోయిరో అని కూడ తలచుకొనవలెను.

ఉప్పెన పిమ్మట దేశమంతయు మన సీమకు చేయూత నిచ్చినది. మండలి వెంకటకృష్ణారావుగారు ఈ గడ్డకు చేసిన సేవ అందఱకు తెలిసినదే. నందమూరి తారకరామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు జోలెపట్టి ఊరూర దిరిగి విరాళములు సేకరించిరి. మదర్ థెరిసా వచ్చి చూచిరి. తీరమున తుఫాను రక్షణగృహములు కట్టబడెను. 1990 మే 9వ తేదీన అంతటి తుఫానే మఱల కృష్ణాతీరమున దాటినపుడు, ముందుగా హెచ్చరించి లక్షలాది జనులను తరలించుటచే మృతులు వేయిమందికి లోపుగానే యుండిరి. పదివేలకును వేయికిని గల భేదము హెచ్చరిక చేసిన మేలు. ఆ మేనెలలో మా అత్తయ్యకు అఱువదియేండ్లు. రక్షణగృహమునకు రామని మొండికేసిన ముసలివారిని చేయిపట్టి నడిపించి, తాను చివఱ బోయినది. చేతిలో నొక మంచినీళ్ళ బిందె.

భారతమున మేనత్తల కథలు రెండు నన్ను ఎప్పుడును ఆకర్షించును. కుంతీదేవి శ్రీకృష్ణునకు మేనత్త. శిశుపాలుని తల్లియు అట్లే. ఆమె కొడుకు తప్పులు నూఱు సైరింపుమని మేనల్లునే వేడుకొన్నది. ఇరువురును అడుగువారే, మేనల్లుడు ఇచ్చువాడే. మా యింట దీనికి తారుమారు. ఇచ్చినది మేనత్త, పుచ్చుకొన్నవాడు మేనల్లుడు. నేను ఆమెకు ఏమి యిచ్చితిని? నాకు పెండ్లియైననాడు ఆమె అలవాటుగా వెనుకగదిలో కూర్చున్నది. "అత్తయ్యా, ముందుకు రా" అని నేను పిలువలేదు. పిలువవచ్చునని నాకు తోచనైన లేదు. ఆ పద్దు నా పేర నేటికిని అప్పుగానే నిలిచియున్నది.

1984లో కరణము పదవులు రద్దయ్యెను. మా అత్తయ్య 2006లో, నాన్నగారు 2011లో కాలము చేసిరి. వారి పెట్టె సర్దుచుండగా ఆ మృతుల పట్టిక నకలు దొరకినది. నాలుగు కాగితములు. మూడవ కాగితమున నొక పేరుమీద ఎఱ్ఱసిరాతో గీత. ప్రక్కన నాన్నగారి దస్తూరి: "బ్రతికియున్నది. అక్కయ్య వద్ద." ఆ పట్టికలో పోయినవారికి గడి కలదు, పశువులకు గడి కలదు, ఇండ్లకు గడి కలదు. కాపాడినవారికి గడి లేదు. ఉన్నదంతయు ఆ అంచున వ్రాసిన ఆ చిన్న వాక్యమే.

కావున ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయమునకు నేను సమర్పించుచున్నది ఒక తెల్ల రిజిస్టరు. ఇన్నూఱు పుటలు. నా చేతితోనే గీతలు గీచితిని. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎట్లు కాపాడిరి, చెప్పినవారెవరు, అని అయిదు గడులు. మన ఊరిలో అట్టివారు మా అత్తయ్య యొక్కతెయే గాదు. తాటిచెట్టున పిల్లలను గట్టినవారు కలరు, తుమ్మకంపను పట్టుకొని ముసలితల్లిని వీపున మోసినవారు కలరు. వారిలో పెక్కుమంది పోయిరి, ఉన్నవారును వృద్ధులైరి. సంధ్యవేళ గ్రంథాలయమునకు వచ్చి చెప్పినచో వ్రాయుటకు నేను సిద్ధముగా నుందును. వ్రాయుట వచ్చినవారు తామే వ్రాయవచ్చును. నీటిని నాలుకతో చూచు ఆ యొక్క మాట 1864నుండి 1977 దాక నోటినుండి నోటికి వచ్చినందుననే మా యింట మూడు ప్రాణములు నిలిచెను. ఇక మీదట అట్టి మాటలు కాగితముననైన నిలువవలెనని నా ప్రార్థన.

మొదటి పుటలో మొదటి పద్దు నేనే వ్రాసితిని. కాపాడినవారి గడిలో మా మేనత్త. కాపాడబడినవారి గడిలో రెండు పేర్లు: ఒకటి నాది, రెండవది ఆ పిల్లది. ఆమెకు ఇప్పుడు ఏబది దాటియుండును. ఆ కంచు చెంబు ఏ యింటనున్నదో యెఱిగినవారు ఈ సంచిక చదివినచో, ఆమెకు ఈ సంగతి చెప్పవలెనని మనవి. చెప్పినవారెవరు అను అయిదవ గడిలో ఆమె వచ్చి తన చేతితో వ్రాయుటకు చోటు విడిచియుంచితిని.

గ్రంథాలయమునకును, దానిని ఇరువదియైదేండ్లు నిలిపిన పెద్దలకును, చందాదారులకును శుభమగు గాక.